రాతినార

కాశిబుగ్గ, వరంగల్.

తమ్ముడు ఓంకార్‌కు అక్క దీవెనలు.

మా మగ్గాల షెడ్డు మీది పాత సిమెంటు రేకులు పగలగొట్టి ఇస్తే, నీ పశువుల కొట్టం ముందు బురదలో పరుచుకుంటానన్నావు కదా. వాటికోసం ట్రాక్టర్ పంపకు. కోపం తెచ్చుకోకుండా ఎందుకో చదువు.

మీ బావ సుత్తితో మొదటి రేకు పగలగొట్టగానే, కాలేజీలో ఖనిజాల గురించి చదువుతున్న మా అమ్మాయి మానస పరుగెత్తుకొచ్చి ఆపింది. "సిమెంటుకు గింత ఫికర్ ఎందుకే?" అని ఆయన నవ్వారు. అది ఒక ముక్కను తడిపి, కవర్లో చుట్టి, వాళ్ల నాన్నను వెంటబెట్టుకుని కాలేజీకి పోయింది. మైక్రోస్కోపులో చూశాక ఆయన నవ్వు ఆగిపోయిందట.

"ఇయ్యి పోగులే గదా బిడ్డా!" అన్నారట.

"రాతినార బాపూ, ఆస్బెస్టాస్ అంటరు. రేకు పగిలితే దుమ్ములో లేస్తది. ఊపిరితిత్తులల్లకు పోతే మళ్ల బయటికి రాదు."

పుట్టినప్పటి నుంచి నూలు దుమ్ము పీలుస్తూ బతికిన మనిషికి అంతకంటే చెప్పనక్కరలేకపోయింది. మిగతా రేకులను తడిపి, పగలకుండా దించి, ప్లాస్టిక్‌లో చుట్టి, అలాంటి చెత్తను తీసుకుపోయే బండికి అప్పగించాం.

తొర్రూరులో నీ ఇంటి కప్పుకూ అవే రేకులు కదా. చెక్కుచెదరకుండా ఉంటే అంత భయం లేదట. మేకులు కొట్టకు, గీకకు. ఆదివారం మానస వచ్చి చూస్తుంది, దాని మాట విను.

ఇప్పుడు మా వాడలో ఎవరు కప్పు విప్పుతున్నా మీ బావ మగ్గం దిగి పోతున్నారు. "జర ఆగుర్రి, మా బిడ్డను తోల్కస్త" అంటున్నారు.

మీ అక్క