చెరిపేసిన హిట్టు

బాబాయ్,

"ఒహాయో అంతా తిరిగి ముప్పై ఏళ్లు బేస్‌బాల్ చరిత్ర రాసి, చివరికి ఇంటి మీదే పడ్డావా?" అని ఫోన్‌లో అరిచావు. అవును, పడ్డాను.

బంతులు విసిరిన నువ్వు ఎదుటి జట్టుకి ఒక్క సరైన దెబ్బ, ఒక్క హిట్టు కూడా ఇవ్వకుండా ఆట గెలిపించావని మిల్లు గేటు ముందు నీ విగ్రహం పెట్టారు. ఆ రోజు స్కోరు రాసింది నీ సొంత అన్న, మా నాన్న. ఆఖరి గడిలో హిట్టు అని రాసి, చెరిపేసి, మీ ఫీల్డర్ లోనీ ప్రూయిట్ బంతి వదిలేశాడని రాశాడు. తప్పు లోనీదైతే అది హిట్టు కాదు కదా! కాగితం వెలుతురుకి పెడితే కింద రాసింది ఇప్పటికీ కనిపిస్తోంది. "అంత జోరు బంతి ఎవడు పట్టుకుంటాడే?" అని థాంక్స్‌గివింగ్ పండగ భోజనంలో నువ్వే నవ్వావు.

నలభై ఏళ్లుగా మంగలి షాపులో లోనీని "చేతులకి వెన్న పూసుకొచ్చావా?" అంటూనే ఉన్నారు. పక్క కుర్చీలో కూర్చుని నువ్వు ఒక్కసారీ వద్దనలేదు.

నా పుస్తకంలోంచి ఆ అధ్యాయం తీసెయ్యను. మొదటి ప్రతి లోనీకే ఇస్తాను. నాన్న పెన్సిల్‌తో రాశాడు కాబట్టి చెరపగలిగాడు. నేను అచ్చు వేయిస్తున్నాను.

నీ అన్న కూతురు