వాగు దాటే టైర్లు

నాందేడ్,
18 జులై 2001

కాచిగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి ఆజ్ఞలు జారీ చేయుచున్న మా బాపు శ్రీ అనంతరాములు గారి సముఖమునకు, నాందేడ్ ఇంటి తాత్కాలిక పెద్ద జగదీశ్వర్ వంగి దండం పెట్టి వ్రాయు విన్నపము.

ఇక్కడ అమ్మ, రోహిణి అక్క, నేను క్షేమం. జీపు మాకంటే క్షేమం. కాస్త ఎత్తు కూడా పెరిగింది.

మీ కార్డు అందింది. జీపును ఈ ఆదివారంలోపు మీరు మాటిచ్చిన ప్రకారం బిలోలి అంబాదాసుకు అమ్మి అప్పగించాలని, అక్క నర్సు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి మీ దగ్గరికి రావాలని, నేను బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెట్టాలని మీ ఆజ్ఞ. దరఖాస్తు పెట్టాను. మిగతా రెండూ ఈ ఇంట్లో నెగ్గలేదు. వాటిని గౌరవంగా వాపసు పంపుతున్నాం.

మీ భయం మాకు తెలియక కాదు. అక్క పనిచేసే ఆరోగ్య ఉపకేంద్రం భోకర్ దాటాక వాగు అవతలి ఊళ్లో ఉంది. వాన పడితే బస్సు ఇవతలే ఆగిపోతుంది. పోయిన ఏడు నేను జీపు నడిపిస్తే అది వాగు మీది లోతట్టు కాజ్‌వే నడుమ నీళ్లు మింగి నిలబడింది, ట్రాక్టరుతో లాగించాం. ఆ వానాకాలమంతా అక్క సగం డ్యూటీలు పోగొట్టుకుంది. ఈసారి కూడా అట్లాగే అయితే నౌకరీ ఉండదని పైవాళ్లు చెప్పేశారు. దీనికి మీకు తోచిన మందు రాజీనామా. మాకు తోచింది టైర్లు.

మంగేశ్ గ్యారేజీలో మొదటి యుద్ధం జరిగింది. ముందు కింది స్ప్రింగులకు ఇంకిన్ని కమాన్ పట్టీలు వేసి జీపు లేపుదాం, టైర్ల ముచ్చట ఎనకకు చూద్దామని మంగేశ్ అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పట్టీలు లేపేది పైనున్న డబ్బాను. ఇరుసును నేల నుంచి లేపేది టైరు ఒక్కటే, అదీ తను పెరిగినదాంట్లో సగమే. కాబట్టి ముందు టైరు తేలాలి, జీపును ఎంత లేపాలో ఆ టైరే చెప్పాలి. ఇంత జ్ఞానం నాకెప్పుడు వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. దయచేసి ప్రస్తుతానికి నమ్మండి.

మన జీపుకు ఉన్నవి ఆరు నంబరు టైర్లు. లేపితే షాన్‌గా లేపాలని మంగేశ్ ఏకంగా టెంపోకు వేసే ఏడున్నర తెచ్చి బిగించాడు. ఆ అవతారంలో జీపు మీకు తప్పకుండా నచ్చేది, ఎందుకంటే అది అచ్చం రైలులాగా నేరుగా మాత్రమే పోయింది. స్టీరింగ్ తిప్పితే టైరు మడ్‌గార్డును పట్టుకొని వదల్లేదు. మడ్‌గార్డును గ్యాస్‌తో కోసిపారేద్దామని మంగేశ్ సలహా. అది మా బాపు ముక్కు కోసినట్టు అవుతుందని చెప్పి ఆపాను.

అప్పుడు ఏడు నంబరు బిగించాం. ఖాళీగా నిలబెట్టి చూస్తే టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ సందు బాగానే ఉంది. కానీ మన దిక్కు ఖాళీగా పోయే జీపును ఎవరైనా చూశారా? అందుకని పరీక్ష పెట్టాను. పక్కింటి జనాబాయి భాకరీలకు కలిపిన జొన్నపిండిలోంచి రెండు ముద్దలు తెచ్చి మడ్‌గార్డుల లోపల మందంగా అంటించాను. గల్లీలో కనబడిన వాళ్లనల్లా ఎక్కించాను. స్టీరింగ్ మొత్తం తిప్పి, రైల్వే గేటు దగ్గరి గడ్డ మీద ధడేల్‌మని దింపాను. వచ్చి చూస్తే ముద్దల మీద టైరు గాట్లు సన్నగా పడి ఉన్నాయి. ఆ గాట్లు పడనంత ఎత్తు లేపితే చాలని తేలింది. కమాన్‌కు ఒక్కో పట్టీ కలిపి, మళ్లీ ముద్దలు అంటించి, మళ్లీ అదే జనంతో దింపాం. ఈసారి పిండి నున్నగా ఉంది. తన ఇంటి భాకరీలను జీపు తిన్నదని జనాబాయి ఇప్పటికీ మరాఠీలో తిడుతోంది. రెండోసారి మాత్రం ముందు సీటు తనదేనని పట్టుబట్టి కూర్చుంది.

నిజాయితీగా నష్టాలు కూడా మనవి చేసుకుంటున్నాను. మీటరు ఇప్పుడు అసలు వేగం కంటే తక్కువ చూపిస్తోంది. ఎక్కుడు దారిలో గేరు ముందే మార్చుకోవాలి. బ్రేకు కూడా కాస్త దూరం నుంచే తొక్కాలి. ఇవన్నీ తెలిసిన కొత్త డ్రైవరును పెట్టుకున్నాం. నెమ్మదైన మనిషి. బీడీ తాగరు, హారన్ ఊరికే కొట్టరు, నాలాగా పాటలు పాడరు. కాజ్‌వే రాయి మీద తెల్లరంగుతో గీత గీయించారు. గీత మునిగితే దేవుడు చెప్పినా జీపు దిగదట.

అంబాదాస్ నిన్ననే వచ్చాడు. జీపు చుట్టూ తిరిగి, తలెత్తి చూసి, టోపీ తీసి గోక్కున్నాడు. "నేను జీపు కొంటనన్న. ఇది ఒంటె. ఒంటెను నేనేం జేసుకోవాలె?" అని చాయ్ తాగి వెళ్లిపోయాడు. కాబట్టి మీ మాట మీరు తప్పలేదు. ఆయనే వద్దన్నాడు.

మీరు మండిపడతారని తెలుసు. ఈ ఉత్తరం రాస్తుంటే అమ్మ వంటింట్లోంచి తను చెప్పింది చెప్పినట్టు రాయమంది, రాస్తున్నాను: "పిల్ల నౌకరీ ఇడిసిపెట్టదు, జీపు అమ్మేది లేదు. కోపమొస్తే ఈడికొచ్చి కోపం జెయ్యుమను. అన్నం పెడత."

ఇట్లు,
మీ ఆజ్ఞను మిక్కిలి వినయంతో ధిక్కరించిన,
మీ ఏకైక పుత్రుడు
జగదీశ్వర్

తా.క. (20 జులై): ఈ నాలుగు ముక్కలు వాగు అవతలి నుంచి రాస్తున్నాను. ఉత్తరంలో గ్యారేజీ ముచ్చట మొదలైన దగ్గరి నుంచి "నేను" అని ఉన్నచోటల్లా "అక్క" అని పెట్టుకొని మళ్లీ చదవండి. మంగేశ్‌తో వాదించింది, పిండి అంటించింది, గీత గీయించింది అక్కే. బీడీ తాగని ఆ డ్రైవరు కూడా అక్కే. నా వాటాకు మిగిలినవి పోయిన ఏడు జీపును ముంచడం, ఈ ఏడు వెనక సీట్లో కూర్చొని బరువు పెంచడం. మీరు ఆడపిల్లకు స్టీరింగ్ ఇవ్వరని మాకు తెలుసు. అందుకే అడగలేదు.

నిన్న గీత మునిగింది, అక్క జీపును వెనక్కి తిప్పింది. ఈ పొద్దున గీత తేలింది, దాటింది. బస్సు ఇంకా నడవడం లేదు. ఇక్కడి పోస్టాఫీసులో టపా సంచి మూడు రోజులుగా పడి ఉందట. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు అది కూడా మన జీపులోనే వాగు దాటుతుంది. నేను ఈ కవరును ఆ సంచిలోనే వేస్తున్నాను. దీని మీది ముద్ర ఏ ఊరిదో ఒకసారి చూసుకోండి. మీరు చదువుతున్నారంటే అక్క మళ్లీ దాటినట్టే.

మీకేమైనా చెప్పాలా అని అక్కను అడిగాను. సూదులు ఉడకబెడుతూ, తల తిప్పకుండానే అంది: "బాపును రమ్మను. ముందు సీటు ఆయనది. జనాబాయికి నేను జెప్పుకుంట."