లోకం తిరిగే నౌకరి

కోరుట్ల,
12 జూన్ 2011

ప్రియమైన అన్నా,

నీ ఓడ ఇప్పుడు ఏ సముద్రంలో ఉందో తెలియక ముంబయి ఏజెంటు ఆఫీసుకే ఈ ఉత్తరం పంపుతున్నాను. ఫోనులో చెప్పాలంటే అమ్మ పక్కనే కూచుంటుంది. నువ్వు "మంచిగున్న" అంటావు, తను "మేం గూడ మంచిగున్నం" అంటుంది, అంతలో నీ కార్డు అయిపోతుంది.

సంగతి మన తమ్ముడు సతీశ్ గురించి. వాడు జగిత్యాలలో డిగ్రీ పూర్తి చేస్తున్నాడని నువ్వు అనుకుంటున్నావు. పరీక్షలు వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి. వాడు పొద్దున కాలేజీకని బయలుదేరి, దారిలో ఎక్కడ ధర్నా కనిపిస్తే అక్కడ ఆటో దిగిపోతున్నాడు. మన వాడకట్టులో ఉద్యమం నడిపిస్తున్న జలపతి సారు ఏం చెబితే అది వాడికి వేదం. ఆయన కొడుకు వంశీ, మనవాడు ఎప్పుడూ ఒక్క బండి మీదే.

తెలంగాణ నాకూ కావాలి అన్నా. నేనూ ఊరేగింపులో నడిచాను. కానీ పోయిన వారం వాడి తోటి పిల్లవాడొకడు తెలంగాణ కోసమని ఉత్తరం రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. సతీశ్ ఆ పిల్లవాడి శవం మోసి వచ్చి అన్నం ముట్టలేదు. "మనం ఉంటే ఏంది, లేకుంటే ఏంది అక్కా" అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి వాడు బాత్రూంలో ఆలస్యం చేసినా పోయి తలుపు కొడుతున్నాను.

వాణ్ని నీ దగ్గరికి తీసుకుపో. ఇక్కడ అందరి అన్నలూ దుబాయిలో ఉన్నారు. నీ గురించి మాత్రం "ఎల్లేశందే నసీబు, జీతం తీసుకుంట లోకం తిరుగుతుండు" అంటారు. వాణ్నీ తిప్పు కొన్నాళ్లు. తల చల్లబడుతుంది.

నీ జవాబు కోసం కాచుకునే చెల్లె,
సృజన

*

నేపుల్స్ రేవు, ఇటలీ,
3 ఆగస్టు 2011

ప్రియమైన చెల్లె సృజనకు,

ఉత్తరం చేరింది. అమ్మకు చెప్పని మాటలు నీకు చెబుతున్నాను, నీ దగ్గరే ఉంచుకో.

పైన నేపుల్స్ అని రాశాను కదా, ఆ ఊరు నేను చూడలేదు. నేనుండేది ఓడ అడుగున, నీటి మట్టానికి కింద, బట్టలుతికే చోట. కిటికీ ఉండదు. విహారానికి ఓడెక్కినవాళ్ల దుప్పట్లు, తువ్వాళ్లు గుట్టలుగా వస్తాయి. ఉతికి, ఇస్త్రీ మిషనులో పెట్టి, మడిచి పైకి పంపాలి. ఈలోగా ఇంకో గుట్ట వస్తుంది. తువ్వాళ్లలో ఇసుక రాలితే ఎక్కడో బీచి ఉన్న ఊరు వచ్చిందని తెలుస్తుంది. లోకం నాకు కనపడేది అంతే.

బార్సిలోనాలో ఒకసారి దిగనిచ్చారు. అందరం పరుగెత్తుకుంటూ రేవు పక్కనున్న కాఫీ హోటలుకు పోయాం. అక్కడ ఇంటర్నెట్ ఉత్తగానే ఇస్తారు. ఎవడూ తలెత్తి ఊరు చూడలేదు. గోడకు ఆనుకుని ఎవడి పెళ్లాం పిల్లలతో వాడు మాట్లాడుకుని, టైం అయిందని మళ్లీ పరుగెత్తుకొచ్చాం. నేను నీకు పంపిన ఫోటో ఆ గోడ ముందు దిగిందే.

నాన్న తాటిచెట్టు ఎక్కేవాడు. పైనుంచి పడి చనిపోయాడు నిజమే, కానీ ఉన్నన్నాళ్లు పైనుంచి నాలుగూళ్లు చూశాడు. నాకు ఆ భాగ్యం కూడా లేదు. సతీశ్‌ను ఈ గదిలోకి తేలేను. వాణ్ని నువ్వే కనిపెట్టుకుని ఉండు. ఈ కాంట్రాక్టు అయ్యాక నేనే వచ్చేస్తాను.

మీ అందరినీ తలుచుకుంటూ,
మీ అన్న ఎల్లేశం

*

కోరుట్ల,
12 అక్టోబరు 2011

అన్నా,

ఈ ఉత్తరం నీకెప్పుడు అందుతుందో. సకల జనుల సమ్మె వల్ల బస్సుల్లేవు, బడులు లేవు, ఆఫీసులకు తాళాలు.

చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అందరికీ వండారు. సతీశ్ పప్పు గిన్నె దగ్గర ఉన్నాడు. నేను పది గజాల దూరంలో ఆడవాళ్లతో ఉల్లిగడ్డలు కోస్తున్నాను. ఎవరో పోలీసు జీపు మీద రాయి విసిరారు. ఇక చూడు, లాఠీలు. సతీశ్‌ను, వంశీని ఒకే వ్యానులో ఎక్కించారు. నేను వెంట పరుగెత్తాను. స్టేషను గేటు దగ్గర జలపతి సారు వచ్చి లోపల మాట్లాడి కొడుకును తీసుకుని బయటికొచ్చాడు. నేను కాళ్ల మీద పడ్డట్టు అడిగాను. "వీడు మైనర్ లెక్క గనవడ్డడమ్మా, అందుకే ఇడిసిండ్రు. సతీశ్‌ను రేపు ఇడిపిస్త" అన్నాడు. వాళ్లిద్దరూ ఒకే క్లాసని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

సతీశ్ కరీంనగర్ జైలుకు పోయి వచ్చాడు. రాయి విసిరి పోలీసులను కొట్టాడని కేసు. వాడి చేతిలో రాయి లేదు అన్నా, గరిటె ఉంది. బెయిలు మీద వచ్చిన రోజు జలపతి సారు పూలదండ వేసి భుజాల మీద ఎక్కించి తిప్పాడు. వాడు నవ్వుతున్నాడు. రాత్రంతా వాపెక్కిన మణికట్టుకు అమ్మ కాపడం పెట్టింది.

నువ్వు కిటికీ లేదన్నావు. లేకపోతే లేకపోయింది. అక్కడ లాఠీ లేదు, శవాలు మోసే పని లేదు. తీసుకుపో.

నీ చెల్లె,
సృజన

*

జెనోవా రేవు,
18 డిసెంబరు 2011

చెల్లె సృజనకు,

నువ్వు గెలిచావు. మా లాండ్రీ పెద్ద గోవా మనిషి, నా పనంటే ఆయనకు గురి. మా తమ్ముడున్నాడని చెప్పాను. మే నెలలో ఒక చోటు ఖాళీ అవుతుంది, తీసుకుంటానన్నాడు. వెంటనే పాస్‌పోర్టు తీయించు. ముంబయి ఏజెంటు దగ్గరికి పోయి "కోరుట్ల ఎల్లేశం తమ్ముణ్ని" అంటే చాలు.

నా గదిలోనే పై మంచం అడిగి పెట్టాను. నిద్రపోయేముందు వాడితో మన భాషలో నాలుగు మాటలు మాట్లాడవచ్చునన్న ఆశ పుట్టింది. వద్దు వద్దన్న నేనే ఇప్పుడు రోజులు లెక్కపెడుతున్నాను.

తమ్ముడి కోసం ఎదురుచూస్తూ,
ఎల్లేశం

*

కోరుట్ల,
10 మార్చి 2012

అన్నా,

ఒక చిక్కు వచ్చింది, కానీ తీరేటట్టే ఉంది. పాస్‌పోర్టు ఎంక్వయిరీకి కానిస్టేబులు ఇంటికొచ్చాడు. మంచినీళ్లు తాగి, "కేసున్నది గదమ్మా, ఉన్నది ఉన్నట్టు రాయాలె. నేనేం జెయ్య" అని తలొంచుకుని పోయాడు.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని జలపతి సారు ఇంటికి పోయింది. ఆయన కుర్చీలు వేయించి చాయ్ ఇప్పించాడు. అమ్మకు ఎక్కడలేని ధైర్యం వచ్చి అంతా చెప్పింది. ఓడలో చోటు, మే నెల, గోవా పెద్దమనిషి, ముంబయి ఏజెంటు పేరు, అన్నీ. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నాడు. "సతీశ్ నా కొడుకసొంటోడు లస్మక్క. నువ్వు నిమ్మలంగ పండుకో, నేను జూసుకుంట" అన్నాడు.

అమ్మ అటునుంచి అటే కొండగట్టు బస్సెక్కి అంజన్నకు మొక్కి వచ్చింది. సతీశ్ కొత్త చెప్పులు కొనుక్కున్నాడు. ఓడలో చెప్పులు వేసుకోనిస్తారా అని అడుగుతున్నాడు.

సంతోషంతో,
సృజన

*

బార్సిలోనా రేవు,
21 మే 2012

సృజనా,

ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయి. తమ్ముడికి ఏమైంది?

కొత్తవాళ్లు ఎక్కే రోజని పని నుంచి అరగంట అడుక్కుని, చెమట బట్టలతోనే మెట్ల దగ్గరికి పరుగెత్తాను. అందరూ ఎక్కారు. మనవాడు లేడు. చివరగా ఒక పిల్లవాడు పెట్టె కింద పెట్టి, "అన్నా, బాగున్నవా? నేను వంశీని, జలపతి సారు కొడుకును. నువ్వు నన్ను తమ్ముని లెక్క జూసుకుంటవని నాన్న జెప్పిండు" అని నా చేతులు పట్టుకున్నాడు.

"సతీశ్ ఏడి?" అన్నాను. వాడు వంగి పెట్టె అందుకున్నాడు.

నాకు నీ మొదటి ఉత్తరం గుర్తొచ్చింది. ఫోను చేస్తే అమ్మ "అందరం మంచిగున్నం బిడ్డా" అని ఏడ్చింది. బతికే ఉన్నాడు కదా? అదొక్కటి రాయి.

ఎల్లేశం

*

కోరుట్ల,
15 జూన్ 2012

అన్నా,

బతికే ఉన్నాడు.

వంశీ ముంబయికి వెళ్లాడని మాకు తెలిసేటప్పటికి విమానం ఎక్కేశాడు. ఏజెంటుకు తనే ఎల్లేశం తమ్ముణ్నని చెప్పాడట. వరసకు తమ్ముడే కదా అన్నది వాళ్ల సమర్థన. సతీశ్, నేను జలపతి సారు ఇంటికి పోయాం. నేను గొంతు పెంచాను. ఆయన నాతో మాట్లాడనేలేదు. సతీశ్ భుజం మీద చెయ్యేసి, "చోటు ఉత్తగ పోతదని మావోన్ని పంపిన. నీకేం తక్కువరా? నీ మీది కేసే నీకు సర్టిఫికెట్. రేపు రాష్ట్రమొస్తే మొదటి నౌకరి నీదే. మావోనికి ఏమున్నది జెప్పు, ఇస్త్రీ పెట్టె తప్ప" అన్నాడు.

సతీశ్ కొడతాడనుకున్నాను, కనీసం తిడతాడనుకున్నాను. వాడి కళ్లు మెరిశాయి. "నిజమేనా సార్?" అన్నాడు. తెల్లారి రాస్తారోకోలో ముందు వరసలో కూచున్నాడు. నాకు ఆ ఇంట్లో జరిగినదానికంటే అదే ఎక్కువ బాధ.

సృజన

*

మార్సెయ్ రేవు,
2 అక్టోబరు 2012

చెల్లె సృజనకు,

ఆ పై మంచం వంశీకే ఇవ్వాల్సి వచ్చింది. వాడికి ఒక్క మాట కూడా నేర్పకూడదనుకున్నాను. కానీ పని తెలియక ఇస్త్రీ మిషను రోలర్ల మధ్యకు చెయ్యి పోనిచ్చాడు. నేనే లాగేశాను. సృజనా, లాగడానికి ముందు నేను ఆగాను. కొంచెంసేపే, కానీ ఆగాను. ఎవరితోనూ అనకు.

ఆ రోజు వాడు ఏడుస్తూ, "నేను గూడ సతీశ్ తోని జైలుకు పోతనని జెప్పిన అన్నా. నాన్న అర్రల ఏసి తాళమేసిండు" అన్నాడు. నిజమో అబద్ధమో. నెల తిరగకుండా ఏజెంటు నుంచి ఫోను వచ్చి వాణ్ని పై అంతస్తుకు, భోజనాల హాలుకు మార్చారు. ఎవరి మాటతోనో నీకు తెలుసు. ఇప్పుడు ప్రతి రేవులో దిగి రంగుల చొక్కా వేసుకుని ఫోటోలు దిగుతున్నాడు. నేను మళ్లీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాను. ఇదే ఆఖరు.

ఎల్లేశం

*

సిరిసిల్ల,
6 జూలై 2014

ప్రియమైన అన్నా,

చాలాకాలమైంది రాసి. ఇక్కడి ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. ఆదివారాలు ఇంటికి పోతున్నాను. రాష్ట్రం వచ్చి నెల దాటింది. ఆ రాత్రి కోరుట్లలో అందరం రోడ్ల మీదే ఉన్నాం, నేనూ ఆడాను, ఏడ్చాను. అది అబద్ధం కాదు.

జలపతి సారుకు ఇప్పుడు పదవి ఉంది, కారు ఉంది. వంశీ ఓడ మానేసి వచ్చి బస్టాండు ఎదురుగా ఓడ నౌకరీలకు తయారుచేసే ఒక ఇన్‌స్టిట్యూట్ తెరిచాడు. మేడంత ఫ్లెక్సీ. "లోకం తిరుగుతూ సంపాదించండి" అని పెద్ద అక్షరాలు. ఒక పక్క వంశీ ఫోటో, ఇంకో పక్క "కోరుట్ల ముద్దుబిడ్డ" అని నీ ఫోటో. నువ్వు గోడ ముందు దిగింది.

లోపల బల్ల వెనక కూచునేది మన సతీశ్. జలపతి సారు మాట నిలబెట్టుకున్నాడు చూడు, మొదటి నౌకరి వాడికే. కేసు ఇంకా వాయిదాల మీదే ఉంది, పాస్‌పోర్టు రాలేదు. వాడు కరీంనగర్ దాటి పోయింది లేదు. కానీ వచ్చిన పిల్లలకు బార్సిలోనాలో కాఫీ ఎట్లా ఉంటుందో, నేపుల్స్‌లో సాయంత్రం సముద్రం ఏ రంగులో ఉంటుందో చేతులూపుతూ చెబుతున్నాడు. బయట నిలబడి విన్నాను. "ఎందుకురా ఈ అబద్ధాలు?" అని అడిగాను. "నిజం జెప్తే ఎవలొస్తరక్కా? ఎవలు రాకుంటే నన్నెవలుంచుకుంటరు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. జైలు నుంచి వచ్చిన రోజు నవ్విన నవ్వు కాదది.

పోయిన ఆదివారం మేడిపల్లి నుంచి దేవవ్వ అనే ఆవిడ కొడుకును చేర్పించడానికి వచ్చింది. కూలి చేసుకునే మనిషి. నేను ఆమెను మెట్ల మీదే ఆపి పక్కకు తీసుకుపోయాను. ఓడ అడుగున గది గురించి, కిటికీ లేకపోవడం గురించి, దిగినా ఊరు చూడలేకపోవడం గురించి నువ్వు రాసినవన్నీ చెప్పాను. ఓపికగా విన్నది. తరవాత ఆ ఫ్లెక్సీ మీది నీ ఫోటో వైపు తలెత్తి చూసి, "గట్లయితే బిడ్డా, మీ అన్న ఇంకా ఆడనే ఎందుకున్నడు?" అని అడిగింది.

ఆవిడ కొంగు సర్దుకుని, కొడుకు చెయ్యి పట్టుకుని లోపలికి పోయింది.

అన్నా, ఆవిడకు ఏం చెప్పమంటావో రాయి.

నీ చెల్లె,
సృజన