రోజుకో కంప్యూటర్

కార్వాన్, హైదరాబాదు
10 నవంబరు 2005

పెద్దలు కళావతి గారికి,

విశ్వేశ్వర్ భార్య తనూజ నమస్కరించి రాసేది. నా చదువు ఏడో తరగతితో ఆగింది. దస్తూరి వంకర, తప్పులూ దొర్లుతాయి, మన్నించండి.

మీ మెయిలు అందింది. కంప్యూటర్లో తెలుగు కనబడేలా మీరంతా కలిసి చేస్తున్న ఉచిత ప్రోగ్రాంకు మా ఆయన పెద్ద మేలు చేశారని, వచ్చే ఆదివారం ఇంటికొచ్చి శాలువా కప్పుతామని రాశారు. దయచేసి రాకండి. ఆయనకు షాపులో కంప్యూటర్ల రిపేరు పని ఎక్కువ, తీరిక ఉండదు. ఇంటర్నెట్ వచ్చే మా ఇంటి ఫోనుకు తాళం పడింది. మెయిలు పంపే దారి లేక చేత్తో రాస్తున్నాను.

మీ ప్రోగ్రాంలో ఒక్క మాట సరిచేయాలన్నా ముందు పద్దెనిమిది వేరే ప్రోగ్రాంలు వరసగా ఎక్కించాలి. మీ ఇంగ్లీషు కాగితం చూసి చేస్తే రెండు రోజులు పట్టేది. పదకొండోది ఎప్పుడూ మొరాయించేది. ఇప్పుడు ఆయన పంపిన ఫైలు ఏది ఉందో, ఏది లేదో తానే చూసుకుని అన్నీ ఎక్కిస్తుంది. మీ సీడీ పెట్టి ఒక్క మాట కొడితే చాలు, నలభై నిమిషాలు. కొత్తగా వచ్చేవాళ్లు ఇక బెదిరిపోరు. ఇన్ని రకాల కంప్యూటర్ల మీద ఎలా పరీక్షించారని అడిగారు. ఆయన పనే అలాంటిది.

ఇట్లు,
తనూజ

తా.క. ఆయన గురించి రాసింది నిజం కాదు. ఆ ఫైలు నాది. ఆయన పేరుతో, ఆయన తెరవడం మానేసిన మెయిలు నుంచి పంపాను. ఆయనకు తెలియదు. పెళ్లయిన కొత్తలో సరదాకు కంప్యూటర్ నేర్పారు, తర్వాత ఆ సంగతే మరిచిపోయారు.

రిపేరుకొచ్చిన కంప్యూటర్ ఒకటి రోజూ ఇంటికి తెస్తారు, మర్నాడు తీసుకుపోతారు. మా అత్తగారు పూలకోసం గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్తూ బయట తాళం వేస్తారు. ఆ రెండు గంటలే నావి. ఆమె వచ్చేలోపు ఎక్కించినవన్నీ తీసేయాలి. మర్నాడు కొత్త కంప్యూటర్, మళ్లీ మొదటినుంచి. నాలుగు నెలలు పదకొండోదాని దగ్గరే ఆగిపోయాను. అందుకే ఆ ఫైలు రాసుకున్నాను.

మొన్న అత్తగారు వెచ్చగా ఉన్న మానిటర్ మీద చెయ్యి పెట్టి, “ఏందే, గిది మంది సొమ్ము. ఖరాబైతే మీ బాపు ఇస్తడా?” అన్నారు. ఆ సాయంత్రమే ఫోనుకు ఆయన తాళం వేశారు. మీరు శాలువాతో వస్తే ఇక ఇంటికి కంప్యూటర్ రాదు.

ఫైలు మీద ఎవరి పేరూ పెట్టకండి. మీ కొత్త సీడీ షాపుకు వస్తుంది కదా, అందులో అది కనబడితే నాకు చాలు. ఈ ఉత్తరం పాలు పోసే కొమురమ్మకు కిటికీలోంచి ఇస్తున్నాను. చదివాక కాల్చేయండి.