తెగిన తీగ

ఆదివారం, రాత్రి.

మా చర్చి పియానోలో ఒక మంద్రపు తీగ ఉప్పుగాలికి తుప్పుపట్టి ఎప్పుడో తెగింది; సరిపడే తీగ దొరక్క అలాగే వదిలేశాను. ఆ మెట్టు నొక్కితే టక్కుమని చెక్క చప్పుడే. నా దగ్గరే వాయించడం నేర్చుకున్న క్రేన్ ఆపరేటర్ సామ్యేలు, పియానోకీ రెండు వయొలిన్లకీ కొత్త సంగీతం కట్టి, ఆ టక్కుతో ముగించాడు. "దాన్ని ముట్టుకోకు బావా," అన్నాడు. నలభై ఏళ్లుగా ఆ పియానో బాగుచేస్తున్న నాకు ఆ టక్కుని వాడుకోవాలని ఎందుకు తట్టలేదు?

కూర్మన్నపాలెం పాతసామాన్ల కొట్లో ఒక చచ్చిన పియానో ఉంది. అదక్కడికెలా చేరిందో పెద్ద కథ, ఇప్పుడొద్దు. నిన్న దాని తీగ పీకి తెచ్చి ఇక్కడ కట్టేశాను. సాయం కాదు, కుళ్లు. ఇక్కడైనా నిజం రాసుకోవాలి.

ఇవాళ చర్చిలో వాడి కచేరీ చివర్లో ఆ మెట్టు ఓడ కూతలా మోగింది. సామ్యేలు అదిరిపడ్డాడు గానీ వేలు తీయలేదు. ఆ నాదం ఆరేదాకా హాల్లో ఒక్కరూ దగ్గలేదు. తర్వాత ఒకటే చప్పట్లు.

బయట నన్ను వాటేసుకున్నాడు. "నువ్వే సేసావు కదేటి బావా! నాను రాసినదానికన్నా ఇదే బాగుంది. ఇక ఇలాగే వాయిత్తాను."

రేపు వెళ్లి తీగ తెంపేద్దామనుకున్నాను. అదీ వాడికి నచ్చితే?