వస రాయని నాలుక

శారదక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. మన ల్యాబు గదిని కంప్యూటర్ కోర్సుల వాళ్లకు ఇచ్చేశారు. సామాను సర్దుతుంటే నువ్వు చివరిసారి బియ్యం పోసి, ముక్కుపురుగులు వదిలిన రెండు సీసాలు కనిపించాయి. ఉత్త బియ్యం సీసాలో అంతా పురుగు తినేసి పిండైపోయింది. వసకొమ్ము పొడి కలిపిన సీసాలో గింజ చెక్కుచెదరలేదు.

ఆ రెండూ పట్టుకుని రాంగోపాల్‌పేట్‌లో మీ ఇంటికి వెళ్లాను. మీ అత్తగారు పాపను చంకనేసుకుని వచ్చారు. "రెండేళ్లు నిండిపోనాయి, పిల్లకి మాట రానేదమ్మా. నీ దగ్గర వసకొమ్ము ఉన్నాదేటి? అరగదీసి నాలిక్కి రాస్తాను" అన్నారు.

పురుగుల్ని చంపే సరుకు నా బిడ్డ నోట్లో పెట్టనివ్వనని నువ్వెన్నిసార్లు అన్నావో నాకు గుర్తుంది. కొమ్ములు నా సంచిలోనే ఉన్నాయి. "ఖతమైనయమ్మా" అన్నాను.

నీకు చిన్నప్పుడు వస ఎక్కువ రాశారని, అందుకే వసపిట్టవయ్యావని ల్యాబులో ఏడిపించేవాళ్లం. పాపకు కావలసింది వస కాదక్కా. నువ్వు పోయాక ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. బావగారు నాకు మంచినీళ్లిచ్చి, కిటికీ దగ్గర కూర్చుండిపోయారు. పాప ఎవరి మాట విని నేర్చుకుంటుంది?

అందుకే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని, సీసాలు ముందు పెట్టి, నీ ప్రయోగం ఏమైందో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

నీ జమీలా