చిన్ని ఆపరేషన్, నా పాత పుస్తకం

సోమవారం, అందరూ పడుకున్నాక

మనవరాలు చిన్నికి పసరు మోసే పిత్తనాళం పుట్టుకతోనే తిత్తిలా ఉబ్బింది. తిత్తిని తీయకుండా పేగుకు కలిపితే చాలని, నిన్న అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్న సర్జరీ పుస్తకం చూసి అమ్మాయి సుజాతకు ధైర్యం చెప్పాను. గోడగడియారం రిపేరు కూడా పుస్తకం చూసే నేర్చుకున్నాను; అది ఇప్పటికీ పన్నెండు దాటదు.

ఈరోజు నాంపల్లి దవాఖానలో డాక్టరమ్మ ఆ పుస్తకం తిరగేసి నవ్వింది. "తాతా, గీ పుస్తకానికి నాకంటే ఎక్కువ వయసుంది. తిత్తిని లోపల ఉంచితే ముందుముందు క్యాన్సర్ రావచ్చు. ఇప్పుడు తీసేసుడే."

తీసేశాక ఏం చేస్తారో రెండు బొమ్మలు గీసింది. మిగిలిన నాళాన్ని కడుపు పక్కనున్న పేగుకే కుడితే ఒకటే అతుకు, పని త్వరగా అవుతుంది. కాని పసరు కడుపులోకి ఎగదన్నవచ్చు. కింది పేగును కోసి, ఒక కొసను పైకి తెచ్చి నాళానికి, మిగిలిన కొసను మళ్లీ పేగుకు కుడితే ఆ బెడద తక్కువ, అతుకులు మాత్రం రెండు.

సుజాత నా వైపు తిరిగింది. "ఏది మంచిది, బాపూ?"

"నాకు తెల్వది బిడ్డా" అన్నాను. నా నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు. కుర్చీ డాక్టరమ్మ వైపు జరుపుకుంది.

"మీ బిడ్డకైతే ఏది చేస్తరు మేడం?"

డాక్టరమ్మ రెండో బొమ్మ మీద వేలు పెట్టింది. సుజాత సంతకం చేసింది.

పుస్తకాన్ని వచ్చే ఆదివారం తిరిగి అమ్మేద్దామనుకున్నాను. కాని ఇంకో తాత కొంటే...